ఓజాల పోతపనియు, కొనువారి యభిరుచియు

మన పట్టణములలో కలవారి యిండ్ల ముందుగదులలో ఈ నడుమ ఒక ఇత్తడి బొమ్మ తఱచుగా కనబడుచున్నది. ఒకచోట నెమలి, ఒకచోట ఏనుగు, మఱియొకచోట నెమలియీకల కిరీటము దాల్చిన గుస్సాడీ నర్తకుడు. ఇంటి యజమాని వచ్చినవారికి దానిని చూపి, ఇది అదిలాబాదు డోక్రా, గిరిజనుల పని, వేలయేండ్ల నాటి కళ, అని చెప్పును. చెప్పునపుడు ఆయన ముఖమున కృత్రిమము కాని యాదరమే యుండును. ఆ యాదరమును మేము నిందింపబోము. కాని ఆయన పలికిన మాటలలో ఎంత నిజమున్నదో, ఎంత అంగడివాడు నేర్పిన పాఠమున్నదో విచారింపకుండ ఆ బొమ్మను గూర్చి యే తీర్పును చెప్పుటకు వీలులేదు. వస్తువు మంచిదా కాదా యనుట యొక ప్రశ్న; దానిని గూర్చి మనము చెప్పుకొను కథ నిజమా కాదా యనుట వేఱొక ప్రశ్న. రెండవదానితో మనకేమి పని యని మొదటిదానిని మాత్రమే చూచు విమర్శకులు కొందఱు కలరు. కొనువాడు నమ్మిన కథనుబట్టి చేయువాని చేయి మాఱుచున్నంతకాలము ఈ రెండు ప్రశ్నలను విడదీయ శక్యము కాదు.

ముందుగా పేరును గూర్చి. డోక్రా యను మాట మన సీమది కాదు. వంగదేశమునను దానికి చేరువనున్న ప్రాంతములందును ఇత్తడి పోతపోసి బ్రతుకు డోక్రా దామరులను వారి పేరది. వారిని చూచినవారు ఆ పేరునే పనికి పెట్టిరి. పిదప మధ్యభారతమున ఎచ్చట మైనము కరగించి ఇత్తడి పోసినను దానినంతటిని డోక్రా యనిరి. బస్తరులో ఈ పని చేయువారు ఘడ్వాలు. మన యడవులలో చేయువారు ఓజాలు, లేక వోజారులు. జైనూరు మండలములోని ఉషేగాం, ఆ చుట్టుప్రక్కలనే యున్న కేస్లాగూడ, వీరి పనికి ప్రసిద్ధికెక్కిన యూళ్లు. 2016వ సంవత్సరమున పాత అదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలుగా విభజింపబడినపుడు ఈ సీమ కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో చేరినది. 2018లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. లభించిన పేరు మాత్రము 'అదిలాబాదు డోక్రా'. అందులో మొదటి మాట ఊరిని తెలుపును, రెండవ మాట వంగదేశపు పనివారిని తెలుపును. చేసిన ఓజా యందెక్కడను లేడు.

ఇది పేరుతో పోవు చిన్న సంగతి యని తలపరాదు. గోండులను గోండులనుట కూడ ఇతరులు నేర్చిన వాడుకయే. వారు తమ్ము తాము కోయితూరులందురు. ఉత్తరధ్రువమున మంచునేలల నుండువారిని లోకమంతయు చాలకాలము ఎస్కిమోలనెను. వారు తమ్ము ఇన్యూటులని చెప్పుకొందురు, ఆ మాటకు మనుష్యులని యర్థము. తన పేరు తాను చెప్పుకొనుటకు వీలులేనివాని చేతిపనికి వెల తానే కట్టుటయు సామాన్యముగా జరుగదు. ఆ మంచుదేశమువారి సంగతి మన విచారణకు మిక్కిలి యుపకరించును గనుక, ముందునకు దానికి మరల వత్తుము.

ఇక పని. సంస్కృత శిల్పగ్రంథములు దీనిని మధూచ్ఛిష్ట విధానమనును. మధూచ్ఛిష్టమనగా తేనె తీసిన పిమ్మట మిగిలిన మైనము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజగు సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున ఈ పద్ధతి వివరింపబడి యున్నది. నాడు మన కరీంనగరపు సీమయు ఆ చాళుక్యుల యేలుబడిలోనిదే. మొహెంజొదారోలో దొరకిన నర్తకి యనబడు కంచుబొమ్మయు ఈ పద్ధతినే పోసినదందురు. అంతమాత్రమున ఉషేగాంలోని పనివాడు సోమేశ్వరుని గ్రంథమును చదివి చేసెనని గాని, సోమేశ్వరుడు పనివానిని చూచియే వ్రాసెనని గాని మేము వాదింపము. గ్రంథమున్నచోట పొయ్యి ఆరిపోయి, పొయ్యి యున్నచోట గ్రంథము లేకపోవుట మాత్రము మన దేశపు విద్యాచరిత్రమున కొత్త సంగతి కాదు. శిల్పిని విశ్వకర్మ యని శ్లోకమున పొగడి, వాకిట నిలువబెట్టి మాటలాడిన పండితులము మనమే గదా.

పద్ధతి ఇట్టిది. మొదట బంకమట్టిలో ఊక మొదలగువానిని కలిపి లోపలి ముద్దను చేయుదురు. ఏనుగు కావలెనన్న ఏనుగుపాటి యాకారము మాత్రమే. కన్నును చెవియు నప్పుడుండవు. ముద్ద యారిన పిదప దానిపై మైనమును పఱచుదురు. తేనెపట్టు మైనమున గుగ్గిలము వంటి బంకను కలిపి కాచి వడియగట్టి, మన యిండ్లలో మురుకులు వత్తు గొట్టమువంటి దానిలో వేసి నొక్కగా సన్నని దారములు వెలువడును. ఆ దారములను ఒకదానిప్రక్క నొకటి చేర్చి ముద్దకు చుట్టుదురు. కన్ను, ముక్కు, గంటలు, నగలు, అన్నియు ఆ దారముతోనే. డోక్రా బొమ్మపై మనము చూచు గీతలన్నియు ఉలితో చెక్కినవి కావు. మైనపుదారము విడిచిపోయిన జాడలు. ఆ మీదట మెత్తని మన్ను, దానిమీద ముతకమన్ను పొరలుగా పూసి, లోహము దిగుటకొక దారి విడిచి, ఎండబెట్టి కాల్తురు. మైనము కరగి పోవును. అది యుండిన చోటు ఖాళీగా నిలుచును. పాత గిన్నెలు, చెంబులు, విఱిగిన గంటలు కరగించిన ఇత్తడిని ఆ ఖాళీలో పోయుదురు. చల్లారిన పిమ్మట మట్టిని పగులగొట్టిననే గాని బొమ్మ బయటికి రాదు.

కావున ఒక మట్టికి ఒకే బొమ్మ. రెండవది కావలెనన్న మరల ముద్ద, మరల దారము. ఒకదానిని పోలిన బొమ్మ యింకొకటి యుండవచ్చును గాని, అదే బొమ్మ యుండదు. ఇది తెలియని పెద్దమనుష్యులు సభలలో పంచుటకు నూఱు జ్ఞాపికలు, అన్నియు ఒక్క తీరున నుండవలెనని బేరము పెట్టుదురు. పనివాడు కాదనలేడు. వాడు చేయి బిగబట్టి ఒకే దారమును ఒకే తీరున నూఱుమార్లు చుట్టును. అట్టి నూఱింటిలో ఒకదానిని తీసి చూచిన, యంత్రమున పోసిన బొమ్మకన్న వంకరగాను, చేతితో చేసిన బొమ్మకన్న నిర్జీవముగాను తోచును. తప్పు చేతిది కాదు, బేరముది.

ఓజాల పనికి మొదటి గిరాకి పట్టణమున పుట్టలేదు. గోండులకును, కొలాములు మొదలగు తక్కిన యడవివారికిని కావలసిన గంటలు, అందెలు, కడియములు, దీపపుసెమ్మెలు, దేవతల చిన్న రూపములు వీరే పోసి యిచ్చుచుండిరి. కొనువాడు తెలిసినవాడు, అతని తండ్రియు వీరి తండ్రివద్దనే కొనియుండును. గంట మ్రోగకపోయిన మఱునాడే తెచ్చి ముందు పెట్టును. కళను గూర్చి యొక్క మాటయు ఎఱుగని యా కొనువానికంటె కఠినమైన విమర్శకుడు ఈ పనికి పిమ్మట దొరకలేదని మా యభిప్రాయము. పశువు మెడలోని గంట ఎంత దూరము వినబడవలెనో అతనికి తెలియును. నేడు ముందుగదిలోని గంటను ఎవడును మ్రోగించి చూడడు. స్టీలు గిన్నెలు, ప్లాస్టికు గాజులు, అంగడి గంటలు వచ్చిన పిదప ఆ పాత గిరాకి తఱిగిపోయినది. అడవి తఱిగి గోండులు పేదలగుటయు ఇందుకొక కారణమే. నైజాము కాలమున భూమి పోగొట్టుకొన్నవారి బాధయే కొమురం భీము తిరుగుబాటునకు మూలము. ఆయన 1940లో జోడేఘాట్‌వద్ద కాల్చి చంపబడెను. ఆ పిమ్మట గవర్నమెంటు పంపగా వచ్చిన హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో నుండి గోండుల నడుమ తిరిగి వ్రాసిన గ్రంథము 1948లో వెలువడినది. తినుటకు లేనివాడు ముందుగా మానుకొనునది నగ. నగ పోయిన పనివాడు మానుకొనునది కొలిమి.

ఆ దొర గ్రంథమునుండి మన ప్రసంగమునకు అవసరమైన సంగతి యొకటి కలదు. గోండుల వంశదేవతయగు పెర్సపేనునకు ముఖ్యమైన గుఱుతులు చమరీమృగపు తోకతో చేసిన చామరమును, ఇనుప బల్లెపు మొనయును. ముక్కు, కన్నులు, చేతులు గల విగ్రహము అచ్చట ముఖ్యము కాదు. ఆ దేవతను మాటలతో రూపించువారు ప్రధానులు. కిక్రీ వాయించుచు వారు పాడు కథలలోనే పెర్సపేను సంపూర్ణముగా నుండును. మఱి పట్టణపు అంగళ్లలో 'గోండు దేవత' అని చీటి కట్టి అమ్మబడు పెద్దకన్నుల విగ్రహములేమి? వానిలో కొన్నింటికి ఊళ్లలో మూలము లేకపోలేదు. చిన్న ఇత్తడి దేవతారూపములను ఓజాలు పూర్వమునుండి పోయుచునే యున్నారు. పెక్కింటికి మాత్రము మూలము కొనువాని మనస్సులోనే యున్నది. అడవివాని దేవుడు వికటముగా నుండవలెనని యతడు పుస్తకములలో చదివినాడు. చామరమును, బల్లెపు మొనను చూపిన నిరాశపడును. కావున నతనికి నచ్చిన దేవుడు పుట్టినాడు.

గుస్సాడీ బొమ్మ సంగతి వేఱు. దీపావళి దినములలో దండారీ యాడు గోండు యువకులను చూచినవారికి ఆ నెమలియీకల కిరీటము, మేనిపై బూడిద, భుజమున మేకతోలు, చేతికఱ్ఱ మఱపునకు రావు. ఓజాలకు అది పుస్తకములోని వస్తువు కాదు. ఏటేట తమ వాకిటికి వచ్చి యాడునది. కావుననే కొనువారికొఱకు పుట్టిన కొత్త రూపమైనను అందు మంచి బొమ్మలు కలవు. మేము చూచినవానిలో రెండు తెగలు గుర్తింపదగును. మొదటి తెగలో మైనపుదారము మేనిని అనుసరించి పోవును: మోకాలు వంగినచోట దారమును వంగును, కిరీటమున దారము లోపలినుండి బయటికి పరుచుకొని ఈకయొక్క బరువును తెలుపును, పాదము నేలను నిజముగా తట్టినట్లుండును. రెండవ తెగలో మేను ముందే నిలువుకఱ్ఱవలె నిర్ణయింపబడి, దారము దానిపై అలంకారమునకు మాత్రమే చుట్టబడును. అట్టి బొమ్మకు నూఱు సుడులున్నను నృత్యము లేదు. అంగడిలో రెండవ తెగయే యెక్కువ వెలకు పోవుటను మేము పలుమార్లు గమనించితిమి. సుడులెక్కువగుటచే పని యెక్కువయైనట్లు తోచును గదా.

వెలను గూర్చి యింకొక మాట. ఈ బొమ్మలను పెక్కుచోట్ల తూకమునకు కొందురు. లోపల మట్టిముద్ద నుంచి పైన పలుచని మైనము పఱచి, ఆ పలుచనిచోట ఇత్తడి ఎడము లేకుండ పాఱునట్లు చేయుట యీ విద్యలో కష్టమైన ఘట్టము. మైనమును మందముగా పఱచిన లోహము సులభముగా పాఱును, బొమ్మయు బరువగును. అనగా తూకమునకు కొనువాడు నేర్పరికి తక్కువయు, నేర్పు లేనివానికి ఎక్కువయు ఇచ్చుచున్నాడు. కవిత్వమును కాగితపు బరువునుబట్టి కొన్నచో మన కావ్యములు ఎట్లుండునో చదువరులే ఊహింతురు గాక.

దీనికంటె నింద్యమైనది మఱొకటి. కొన్ని అంగళ్లలో నిన్న పోసిన ఇత్తడికి నేడు నలుపెక్కించి, పచ్చచిలుము పట్టించి, పాతదానివలె చేసి పెట్టుచున్నారు. కొనువాడు పాతది కావలెననును. దళారి పాతది తెచ్చును. కళ వేలయేండ్లదైనచో నేటి బొమ్మ నిన్నటిదని చెప్పుటకు సిగ్గేల? కొత్తగా పోసిన ఇత్తడి బంగారువలె మెఱయును. గోండు స్త్రీ కొనినపుడు ఆ మెఱుపునే చూచి కొనెడిది. నలుపు తెలిసినవారి యభిరుచి యని, మెఱుపు మొఱటువారి యభిరుచి యని ఎవరు నిర్ణయించిరో తెలిసికొనదగిన సంగతి.

ఇప్పుడు మంచుదేశమునకు పోవుదము. కెనడా ఉత్తరమున నుండు ఇన్యూటులు ఎంతో కాలమునుండి సముద్రపుజంతువుల కోఱలతోను ఎముకలతోను చిన్న చిన్న రూపములను చెక్కుచుండిరి. అవి అఱచేతిలో నిముడునవి. రక్షరేకులు, పనిముట్ల పిడులు, పిల్లల యాటవస్తువులు. వేట వెంబడి తిరుగువానికి బరువైన విగ్రహములతో పనిలేదు. 1948లో జేమ్స్ హ్యూస్టను అను చిత్రకారుడు అచ్చటికి పోయి కొన్ని చెక్కడములను వెంట తెచ్చెను. మఱుసటి యేట నవంబరులో మాంట్రియలు నగరమున కెనడా చేతిపనుల సంఘమువారు వానిని అమ్మకమునకు పెట్టగా మూడు దినములలో నన్నియు అయిపోయినవి. అప్పటినుండి తెల్లవారి మేడలలో పీఠముపై నిలువదగిన పెద్ద రాతిబొమ్మలు, ధ్రువపు ఎలుగుబంట్లు, సీలుచేపలు, వేటగాండ్రు, తల్లీబిడ్డలు వేలకొలదిగా పుట్టినవి. ఆ రాళ్లలో నొకటి మెత్తని బలపపు రాయి. మన బడిపిల్లలు పలకమీద వ్రాయు బలపమునకు దగ్గఱ చుట్టమే. ఏమి చెక్కిన అమ్ముడుపోవునో బొమ్మలు వేసి చూపు చిన్న పుస్తకమును గూడ 1951లో అచ్చువేసి పంచిరి. ఆ పుస్తకమునకు విమర్శ నేటికిని తప్పలేదు.

అనగా, లోకము అనాదియని నమ్మి కొనిన ఆ పెద్ద రాతిబొమ్మ మన తాతల కాలమునకంటె పాతది కాదు. ఎడ్మండు కార్పెంటరు మొదలగు విమర్శకులు ఈ సంగతిని పట్టుకొని, ఇది ఇన్యూటుల కళ కాదు, కొనువారి కళ, అని ఆక్షేపించిరి. ఆక్షేపణలో నిజమున్నది, తీర్పులో న్యాయము లేదు. గిరాకి బయటినుండి వచ్చినంతమాత్రమున చేతిలోని చూపు బయటిది కాజాలదు. కిన్‌గైట్ గ్రామమునందలి కెనోజువాక్ అషెవాక్ అను స్త్రీ 1960లో వేసిన గుడ్లగూబ చిత్రమును 1970లో కెనడా తపాలాబిళ్లపై ముద్రించిరి. అచ్చువేయు విద్యను హ్యూస్టను జపానుదేశమునకు పోయి నేర్చివచ్చి వారికి చెప్పెను. కాగితము కొత్తది, విద్య కొత్తది, కొనువాడు కొత్తవాడు. ఆ గుడ్లగూబ ఱెక్కలు మాత్రము ఆమెవే. జపానులోను మాంట్రియలులోను ఎవడును అట్టి పక్షిని చూడలేదు.

మనకు ముఖ్యమైన సంగతి యింకను ముందున్నది. 1941 మొదలుకొని కెనడా గవర్నమెంటువారు ఇన్యూటుల పేర్లు పలుకరావని, ప్రతివానికిని ఒక బిళ్లపై అంకె నిచ్చిరి. అది మెడలో వ్రేలాడెడిది. చెక్కువారు తమ బొమ్మల యడుగున ఆ యంకెనే చెక్కిరి. మనుష్యుని లెక్కగా మార్చిన యంకె, చేసినవాని సంతకమై నిలిచినది! పేర్లు వ్రాయబడిన పిదప ఆ యంకెలనుబట్టి ఏ బొమ్మ ఎవరిదో గుర్తింపగలిగిరి. 1958లో గవర్నమెంటువారు మంచుగుడిసె గుఱుతు గల చీటి నొకదానిని ఏర్పఱచి, అది కట్టినదే నిజమైన ఇన్యూటు పని యనిరి. అప్పటికే అంగడిలో నకిలీబొమ్మలు పెచ్చు పెరిగెను. 1959లో కిన్‌గైట్‌లో సహకారసంఘము రిజిష్టరైనది. ఆ యేటనే అచ్చుచిత్రముల మొదటి పట్టిక చేసినవారి పేర్లతో వెలువడినది. మంచుగుడిసె గుఱుతుపై నధికారము 2017లో గవర్నమెంటు చేతినుండి ఇన్యూట్ కళాసంస్థ చేతికి పోయెను. అంకెనుండి పేరునకు, పేరునుండి గుఱుతుపై హక్కునకు డెబ్బదియాఱేండ్లు పట్టినవి. ఇందులో దళారులు లేరని గాని, దారిద్ర్యము తీఱినదని గాని మేము చెప్పము. కొన్న వస్తువును చేసినవాడు ఎవడని అడిగిన, ప్రత్యుత్తరము మాత్రము దొరకును.

మన భౌగోళిక గుర్తింపు చట్టము 1999లో పుట్టి 2003లో అమలునకు వచ్చినది. ఇది సీమపేరును కాపాడును. ఇంకొకచోట చేసిన బొమ్మను అదిలాబాదుదని అమ్మరాదు. మంచిదే. చేసినవారు అధికృత వినియోగదారులుగా పేరు నమోదు చేసికొనుటకు గూడ అందు వీలున్నది. కాని ఆ పేరు కచ్చేరీ పుస్తకమున నుండును. బొమ్మ యడుగున నుండదు. కరీంనగరము వెండితీగ పనికి 2007లోనే ఈ గుర్తింపు వచ్చినది. ఎలగందులనుండి కరీంనగరమునకు వచ్చిన ఆ పని మొదటినుండి కలవారి కొఱకు పుట్టినది: అత్తరుదానులు, పాందానులు, సుగంధపు పెట్టెలు. నవాబు కొన్నను, నేడు కలెక్టరు కొన్నను, దాని స్వభావము మాఱలేదు. అమ్మకమునకు చేసిన కళ పతితమని వాదించువారికి ఆ వెండితీగయే సమాధానము. అంతకంటె ఎక్కువ చర్చ అక్కఱలేదు.

నిర్మల సంగతి యంత సులభముగా తేలదు. నిర్మలలో నకాషీలు పొణికి కఱ్ఱను చెక్కి బొమ్మలు చేయుదురు. ఆ కఱ్ఱ మిక్కిలి తేలిక, చెక్కుటకు మెత్తన. చింతగింజల జిగురులో ఱంపపుపొట్టు కలిపి కాళ్లను, తోకలను, చెవులను అతికి, తెల్లమన్ను పూసి రంగులు వేయుదురు. జామ, సీతాఫలము, వంకాయ, బెండకాయ: చేతితో తాకినగాని నమ్మరాని నేర్పు. కాని నేడు 'నిర్మల' యన్నంతనే జనులకు మనసునకు వచ్చునవి నల్లని పలకపై బంగారువన్నెలో మెఱయు రాగిణులు, మొగలాయి నవ్వులు, అజంతా కన్నులు. లేడీ హైదరీ ఆదరణమున హైదరాబాదునకు తరలిన పని ఆ దారిని పట్టినది. అందు శ్రద్ధ కలదు, మెఱుగు కలదు. నిర్మల యూరు మాత్రము కొంచెమే కలదని మా తీర్పు. పలకపైని రాగిణిని తీసి వేఱొక నగరపు పేరు పెట్టినను ఎవడును కనిపెట్టలేడు. సీతాఫలమును అట్లు చేయుడు చూతము. ఆ పండ్లు పండు కొండలు ఊరి ప్రక్కనే యున్నవి. ఇంతలో పొణికి చెట్టు అడవిలో అరుదైపోయినది. రాగిణులకు పలక ఏదైనను చాలును గాని, వంకాయకు పొణికియే కావలెను. కొనువాడు రాగిణిని కోరుచున్నంతకాలము చెట్టు నాటవలెనను తొందర ఎవనికిని ఉండదు.

మరల ఓజాలకడకు వత్తము. 2021లో మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజునకు పద్మశ్రీ వచ్చినది. 2024లో ఆయన గతించినపుడు పత్రికలన్నియు పేరు వ్రాసినవి. అట్లు వ్రాయుట న్యాయము. ఆ మార్లవాయియు, ఉషేగాంయు ఒక మండలమువే. ఆడినవాని పేరు దేశమునకు తెలిసినది. ఆ యాటను ఇత్తడిలో నిలిపినవాని పేరు, ఆ బొమ్మను బహుమానముగా పుచ్చుకొన్న పెద్దలకు తెలియదు, ఇచ్చినవారికి తెలియదు. నాట్యము చేయువాడు ఎదుట నుండును గనుక పేరడుగుదుము. పోతపోసినవాడు బొమ్మ వెనుక నుండును గనుక అడుగము. ఇంతకంటె వేఱు కారణము మాకు తోచలేదు.

అడవివారు సమష్టిగా బ్రతుకువారు, వారి కళకు కర్త వంశమే గాని వ్యక్తి కాడు, సంతకము పెట్టించుట మన దొరతనపు అలవాటును వారిపై రుద్దుట, అని కొందఱు చదువుకొన్నవారు వాదింతురు. వినుటకు ఇంపుగా నుండును. మన దేవాలయశిల్పులును పేర్లు చెక్కలేదందురు. చెక్కినవారు కలరు, ఆ శాసనములను చదువువారు తక్కువ. ఇదియునుగాక, ఊరిలో ఓజా పేరు లేనివాడు కాడు. ఈ గంట ఎవడు పోసెనో గోండు రైతుకు తెలియును, మంచిదైన పొగడును, చెడిన తిట్టును. పేరు లేకపోవుట పట్టణపు త్రోవ ఎక్కినపుడు పట్టిన జాడ్యము. సమష్టి యను పెద్దమాట చెప్పి దళారి లాభమును కాపాడవలసిన పని విద్వాంసులకు లేదు.

ఇందుకు కావలసిన సాధనము ఆ విద్యలోనే యున్నది. దారముతో కన్నును ముక్కును దిద్దువాడు అదే దారముతో బొమ్మ పాదముక్రింద రెండు మూడు అక్షరములు దిద్దవచ్చును. నాలుగంగుళముల మైనము మించి పట్టదు. మట్టి పగిలినపుడు అక్షరములును ఇత్తడియై బయటికి వచ్చును; చీటివలె ఊడిపోవు భయము లేదు. ఇన్యూటుల యంకె రాతిలో నిలిచినట్లే ఇదియు నిలుచును, అది మెడకు కట్టబడిన యంకె, ఇది తాను దిద్దుకొన్న పేరు. దళారులు ఒప్పుకొనరని మాకు తెలియును. పేరును ఏడును గల బొమ్మకు పచ్చచిలుము పట్టించి పాతదని అమ్ముట కుదరదు. వెల తూకమునుండి చేతికి మాఱుటకును అదియే మొదటి మెట్టు కాగలదు, ఏలయన పేరుగల బొమ్మలు పదింటిని ప్రక్కప్రక్కన పెట్టిన, దారమును మేనితో నడిపించినవాడెవడో, మందముగా పఱచి తూకము పెంచినవాడెవడో ఒక్క చూపున తెలియును.

ఏ లిపిలో దిద్దవలెననుట వారు నిర్ణయించుకొనవలసిన సంగతి. ఆశ్రమపాఠశాలలలో వారి పిల్లలు తెలుగు వ్రాయుచున్నారు. ఎల్లప్రాంతపు ఊళ్లలో మరాఠీ నాగరియు తెలిసినవారు కలరు. అదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామమున దొరకిన పాత వ్రాతప్రతులలోని గోండి లిపికి 2018లో, ఈ పోతపనికి గుర్తింపు వచ్చిన యేటనే, యూనికోడు పట్టికలో స్థానము లభించినది. ఆ యక్షరముల వంపులు మైనపుదారమునకు తెలుగు గుండ్రములవలెనే యనుకూలముగా నున్నవి.